పి బై ఎన్

ఒంటిపూట బడి వదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. జములు పుస్తకాల సంచిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, నీడ ఉన్న గోడల పక్కనే నడిచి ఇల్లు చేరింది. గద్వాలలో ఆ వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం చప్పుడే వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం వాళ్లింటి మగ్గం ఆగి ఉంది.

జములు గడపలోనే నిలబడిపోయింది. నాన్న వెంకటేశం పగటిపూట మగ్గం ఆపడు. అన్నం తినేటప్పుడు కూడా తొందరగా నాలుగు ముద్దలు మింగి మళ్లీ మగ్గం గుంటలోకి దిగుతాడు.

లోపల కుర్చీలో ఒకావిడ కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆత్మకూరు సుభద్రమ్మ టీచర్. చాలా ఏళ్లుగా ఆమె ఇంటి చీరలన్నీ ఈ మగ్గం మీద నేసినవే.

"మా తమ్ముని పెండ్లిల మా అమ్మ కట్టిన చీర అది," అంటోందామె. "మీ నాయిననే నేసిండు, వెంకటేశం. మా అమ్మ పోయినప్పుడు ఆ చీర అమ్మతోనే పంపినం. ఇప్పుడు నా బిడ్డ పెండ్లి. అసొంటి చీరే కట్టాలని నా బిడ్డ ఒకటే పట్టు."

"అంచు ఏం రంగు, టీచరమ్మా?" అని అడిగాడు నాన్న.

"గదే కద బాధ. ఒళ్లు తెలుపు, అది తెలుసు. అంచు కుంకుమ రంగు అంటది మా అక్క. కాదు, తేనె రంగు అంట నేను. ఇద్దరం కొట్లాడుకునుడే అయితుంది. ఫొటోలకు చెదలు పట్టింది. ఒక్క వీడియో క్యాసెట్ మిగిలింటే, అది గూడ బూజు పడుతుందని కర్నూల్ల సీడీకి ఎక్కిచ్చిన." ఆమె చేతిసంచిలోంచి ఒక సీడీ తీసింది. "మా ఇంట్ల ఆడిచ్చే మిషిన్ లేదు. మీ ఇంట్ల ఉందని తెలిసి తెచ్చిన. నా మాట కంటె నీ కన్ను నయం. నువ్వే సూడు."

కరెంటు రెండు గంటలకు గాని రాదు. ఆత్మకూరు బస్సు ఒంటిగంటన్నరకు. టీచర్ ఆగలేకపోయింది. పోతూ పోతూ, "ఇరవై దినాలే ఉన్నయ్, వెంకటేశం," అంది.

నాన్న సీడీని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. తర్వాత జములు వైపు తిరిగాడు.

"బిడ్డా, కరెంటు రాంగనే ఇది పెట్టు. నీకే తెలుసు."

ఆ ఇంట్లో సీడీ ప్లేయర్ సంగతి తెలిసింది జములుకే. ఆ ప్లేయర్ మేనమామ మద్దిలేటిది. సంక్రాంతి పోయినాక బొంబాయి నుంచి తెచ్చాడు. మళ్లీ పనికి పోతూ, మా ఇల్లు కురుస్తుంది అక్కా, మీ ఇంట్లనే ఉండనియ్యి, అని అక్క యాదమ్మకు అప్పగించి పోయాడు. పోయే ముందు వాళ్ల పాత కలర్ టీవీకి తగిలించి, రిమోట్ చేతిలో పెట్టుకుని జములుకు ఒక్కొక్క బటనూ చెప్పబోయాడు.

"ఇది తలుపు తెరుస్తది. ఇది ఆడిస్తది. ఇది ఆపుతది. ఇగ ఇదేమో..."

"తెలుసు మామా," అంది జములు.

"ఇది జర జాగ్రత్త..."

"తెలుసు, తెలుసు."

ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగేది తనొక్కతే. ఆరో తరగతి. అక్షరాలు చదవగలిగితే బటన్లన్నీ తెలిసినట్టే అనుకుంది. మామకూ బస్సు తొందర. నవ్వి రిమోట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి వీధిలో జములుకు పేరు వచ్చింది. పక్కింటి ఈదమ్మ తన టీవీలో బొమ్మ వణికినా జములునే పిలిచేది. జములు వెళ్లి ఏదో ఒకటి తిప్పేది. ఒక్కోసారి బాగయ్యేది. కాకపోతే, "ఆంటీనా ఖరాబైంది పెద్దమ్మా," అని చెప్పి వచ్చేది. తెలియదు అని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆ మాట నోట్లోకి వస్తే ఏదో మెట్టు దిగినట్టు అనిపించేది.

రెండు గంటలకు కరెంటు వచ్చింది. నాన్న టీవీకి ఎదురుగా కూర్చుని మోకాళ్లు ఒత్తుకున్నాడు. పొద్దంతా గుంటలో కాళ్లు వేలాడేసి కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతాయి. అమ్మ యాదమ్మ రాట్నం ముందు నుంచి లేవకుండానే తల ఇటు తిప్పింది. ఆమె ముందు దారం చుట్టాల్సిన కండెలు గంపెడు ఉన్నాయి. తాత బాలకిష్టయ్యను చెయ్యి పట్టి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. తాతకు రెండు కళ్లకూ పొర వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో గొంతు వింటే గాని పోల్చుకోలేడు. ఈదమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకుంది.

జములు సీడీ పెట్టి ప్లే బటన్ ఒత్తింది. ఏమీ రాలేదు. ప్లేయర్ లోపల ఏదో గిరగిర తిరుగుతోంది. టీవీలో మాత్రం నీలం తెర.

"ఏంది, వస్తలేదా?" అన్నాడు నాన్న.

"వస్తది నాయిన."

అందరి చూపులూ తన చేతి మీదే ఉన్నాయి. జములు రిమోట్ వైపు చూసింది. పై వరుసలో ఒక చిన్న బటన్ ఉంది. దాని కింద రెండు అక్షరాలు, మధ్యలో ఒక గీత. పి బై ఎన్. పి అంటే ప్లే, ఎన్ అంటే నెక్స్ట్ అయి ఉంటుంది. ఒత్తింది.

తెర మీద ఏవో అక్షరాలు మెరిసి మాయమయ్యాయి. బొమ్మ వచ్చింది. ఒక్క క్షణం పైకీ కిందికీ ఊగి నిలబడింది. పెళ్లిపందిరి, బాజాలు, తలంబ్రాలు. అన్నీ కనిపిస్తున్నాయి. కాని రంగులు లేవు. మనుషులందరూ బూడిద పూసుకున్నట్టున్నారు.

"రంగులేవి బిడ్డా?" అన్నాడు నాన్న.

జములు రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎందుకు పోయాయో తెలియదు. తాను ఒత్తిన బటన్ వల్లనా? సీడీలోనే లేవా? ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. కాని నాన్న తననే చూస్తున్నాడు. ఈదమ్మ కూడా చూస్తోంది.

"క్యాసెట్ల నుంచి సీడీకి ఎక్కిస్తే రంగులు పోతయ్ నాయిన," అంది. గొంతు తడబడలేదు. తనకే వింతగా అనిపించింది. "పాత క్యాసెట్ కద. గట్లనే అయితది."

"అట్లనా," అన్నాడు నాన్న. అనుమానపడలేదు. ఆరో తరగతి చదివే బిడ్డ, ఇంగ్లీషు చదివే బిడ్డ. ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

టీచర్ వాళ్ల అమ్మ అనంతమ్మ తెర మీద అటూ ఇటూ తిరుగుతోంది. కొంగు మీద బుటాలు, అంచు మీద కోటగోడ పళ్లలాంటి కోటకొమ్ములు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రంగు మాత్రం ముదురు బూడిద. నాన్న కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. చివరికి మంచం వైపు తిరిగాడు.

"నాయినా, నువ్వు నేసిందే కద. ఏం రంగు యాదికుందా?"

తాత వెంటనే తల ఎత్తాడు.

"నేను నేసిన చీర నాకు తెల్వదా? దానిమ్మ గింజ రంగు. మంచిగ పండిన దానిమ్మ."

నాన్న ముఖం తేటపడింది. "దానిమ్మ అయితే కుంకుమ తీరే ఉంటది. టీచరమ్మ అక్క చెప్పినట్లే ఉంది."

మర్నాడు శుక్రవారం పట్టుకు దానిమ్మ రంగు వేయించుకు వచ్చాడు. శనివారం పొద్దుగూకే దాకా అమ్మా నాన్నా ఎదురెదురుగా కూర్చుని అంచు పడుగు నిలువు పోగులు ఒక్కొక్కటీ మగ్గం మీది పాత పోగుల కొసలకు అతికారు. సన్నటి పట్టుపోగు, రెండు కొసలు కలిపి వేళ్ల మధ్య నలిపి పురి పెట్టాలి. ఒకటి కాదు, వందలు. సాయంత్రానికి అమ్మ మెడ పక్కకు తిప్పలేకపోయింది. ఆదివారం పొద్దున మగ్గం మొదలైంది.

ఆ మధ్యాహ్నం కరెంటు రాగానే ఈదమ్మ వచ్చింది.

"జములూ, ఒక సినిమా పెట్టు బిడ్డా. మొన్న మీ మామ పెట్టిండు సూడు, గదే. మీ అమ్మ కండెలు చుట్టుకుంట చూస్తది. ఆమెకు గూడ జర పానం నిమ్మలమైతది."

జములు సినిమా సీడీ పెట్టింది. బొమ్మ వచ్చింది. బూడిద రంగులో.

"ఇదేంది, దీని రంగులు గూడ పోయినయా?" అంది ఈదమ్మ. "మొన్న హీరోయిన్ పచ్చచీర కట్టుకుంటే మీ అమ్మ, నేను ఎంత సేపు ముచ్చట పెట్టినం."

జములు టీవీ మీది బటన్ తిప్పి దూరదర్శన్ పెట్టింది. వార్తలు చదివే ఆవిడ నీలం చీరలో ఉంది. వెనక పూలు ఎర్రగా ఉన్నాయి. టీవీ బాగానే ఉంది. మళ్లీ ప్లేయర్‌కు మార్చింది. బూడిద.

అంటే సీడీలో రంగులు పోలేదు. పెళ్లి సీడీలో కూడా పోలేదు. ప్లేయర్‌కే ఏదో అయింది. అయింది కాదు, తాను చేసింది.

"వేడెక్కింది పెద్దమ్మా," అంది జములు. "కొన్ని దినాలు బంద్ పెట్టాలె."

ఈదమ్మ సరేనని వెళ్లిపోయింది. అమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది.

పక్క గదిలో మగ్గం ఆడుతోంది. టక్, టక్. రోజూ వినే చప్పుడే. ఎప్పుడూ చెవికి ఎక్కేది కాదు. ఆ రోజు మాత్రం ఒక్కొక్క దెబ్బా వినిపించింది. ప్రతి దెబ్బకూ తప్పో ఒప్పో తెలియని ఆ రంగు అంచు ఒక పోగు పెరుగుతోంది. ఏమో, దానిమ్మ రంగే సరైనదేమో, తాత చెప్పాడు కదా, అనుకుంది. ఆ మాట పట్టుకుని సాయంత్రం దాకా గడిపింది. అన్నం సహించలేదు. నాన్న చేతులు కడుక్కుంటూ, "ఇయ్యాల మంచిగ సాగింది," అన్నప్పుడు లేచి బయటికి పోయింది.

సోమవారం బడి వదిలాక జములు ఇంటికి పోలేదు. బస్టాండు దగ్గర శ్రీశైలం టీవీ రిపేరు దుకాణానికి పోయింది. పుస్తకాల సంచిలో రిమోట్ ఉంది.

శ్రీశైలం ఒక టీవీ వెనక డబ్బా ఊడదీసి లోపల దుమ్ము ఊదుతున్నాడు. చొక్కా అంతా చెమటతో తడిసి ఉంది. కరెంటు లేక ఫ్యాన్ ఆగిపోయింది.

"అన్నా, మా దోస్తు వాళ్లింట్ల సీడీ ప్లేయర్ల రంగులు వస్తలేవంట," అంది జములు.

"ఏం చేసిండ్రంట?"

"ఏం చెయ్యలేదంట. దానంతటదే పోయిందంట."

"దానంతటదే ఏదీ పోదు బిడ్డా," అన్నాడు శ్రీశైలం తల ఎత్తకుండానే. "ఏం ఒత్తిండ్రో చెప్తే గంతలనే చెప్త. చెప్పకుంటె మిషిన్ అంత విప్పాలె. పోయి అడిగి రా."

జములు నాలుగడుగులు వెనక్కి వేసింది. ఎండలో రోడ్డు మెరుస్తోంది. ఇంటి దగ్గర నాన్న నేస్తూ ఉంటాడు. పొద్దున తాను బడికి వచ్చేటప్పటికే ఆడుతోంది మగ్గం. ఇప్పటికి ఎంత అయి ఉంటుందో.

మళ్లీ దుకాణం ముందుకు వచ్చింది. సంచిలోంచి రిమోట్ తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఇంట్లనే అన్నా. నేనే ఒత్తిన. ఈ పి బై ఎన్ ఒత్తిన. అదేందో నాకు తెల్వదు."

ఆ చివరి మాట అంత చిన్నదా అనిపించింది. శ్రీశైలం నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని రిమోట్ తీసుకున్నాడు.

"దీని సంగతి తెల్వనోళ్లే ఎక్కువ. మొదట్ల నాకు గూడ తెల్వకుండె. ఇటు సూడు. పి అంటే పాల్. ఎన్ అంటే ఎన్‌టీఎస్‌సీ. బొమ్మను టీవీకి పంపే పద్ధతులు ఇవి. మన దేశంల టీవీలకు పాల్ పద్ధతి. అమెరికా, జపాను దిక్కు రెండోది. మీ పాత టీవీకి పాల్ ఒక్కటే సమజైతది. నువ్వు బటన్ ఒత్తినవు, ప్లేయర్ రెండో పద్ధతిల పంపుతుంది. మీ టీవీ బొమ్మయితే పట్టుకుంది, రంగులు చదవరాలె."

"అంటే ఖరాబ్ కాలేదా?"

"ఏం కాలేదు. ఒక్కొక్కపారి ఒత్తుకుంట పో. తెర మీద పాల్ అని వచ్చినప్పుడు ఆపు." ఒక చీటీ మీద పి, ఎ, ఎల్ అని ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు. "గంతే."

అంతే. ఒక్క బటన్. జములుకు సంతోషం కలగలేదు. కాళ్లు ఇంకా బరువెక్కాయి. ఇంత చిన్నదానికి నాలుగు రోజులు పట్టింది.

ఇల్లు చేరేసరికి రెండు కావస్తోంది. అమ్మ వంటింట్లో ఉంది. నాన్న గుంటలో. కరెంటు రాగానే జములు పెళ్లి సీడీ పెట్టి, టీవీ గొంతు తగ్గించి, పి బై ఎన్ ఒత్తింది. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. చీటీతో సరిపోల్చుకుంది, అవి కాదు. ఇంకోసారి ఒత్తింది. పి, ఎ, ఎల్.

పందిరి ఆకుపచ్చగా అయింది. పెళ్లికూతురి పాదాలకు పసుపు వచ్చింది. అనంతమ్మ పళ్లెం పట్టుకుని జనం మధ్యలోంచి నడిచి వచ్చింది.

ఆమె చీర అంచు దానిమ్మ కాదు. కుంకుమా కాదు, తేనే కాదు. నిప్పు మీద పసుపు చల్లినట్టు ఉంది. ఫాల్గుణంలో గుట్టల మీద పూసే మోదుగు పువ్వు రంగు.

జములు గబుక్కున సీడీ ఆపింది. గదిలో ఎవరూ లేరు. ఒక ఆలోచన వచ్చింది. ఈ రోజు పెట్టి చూస్తే రంగులు వాటంతటవే వచ్చినయ్ నాయిన, అని చెప్పవచ్చు. నాన్న నమ్ముతాడు. తాను చెప్పింది ఏదైనా నమ్ముతాడు.

నమ్ముతాడు. ఆ మాట తలుచుకోగానే ముక్కు మండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మగ్గం గదిలోకి పోయి గుంట పక్కన నిలబడింది. అడ్డపోగును మోసే నాడె అటు పోయి ఇటు వచ్చింది.

"నాయినా, మగ్గం ఆపు."

"ఏమైంది?"

"రంగు అది కాదు. సీడీల రంగులు పోలేదు. నేనే ఏదో బటన్ ఒత్తిన. అదేందో తెల్వక ఒత్తిన. తెల్వదని చెప్పకుండ, రంగులు పోతయని అబద్ధం చెప్పిన. శ్రీశైలం అన్నను అడిగిన. ఇప్పుడు సరైంది. వచ్చి సూడు."

నాన్న రెండు చేతులూ గుంట గట్టు మీద ఆనించి మెల్లగా పైకి లేచాడు. మోకాళ్లు టకటకమన్నాయి.

అనంతమ్మ పళ్లెం పట్టుకుని మళ్లీ నడిచి వచ్చింది. నాన్న బొమ్మ ఆపించి, తెర దగ్గరికి పోయి చూశాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు నాన్న.

"నిన్న. సినిమా పెట్టినప్పుడు."

"నిన్ననా." నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోపం లేదు గొంతులో. చాలా అలసట ఉంది. "నిన్ననే చెప్తే ఒక దినం మిగులుతుండె బిడ్డా."

కొడితే బాగుండుననిపించింది జములుకు.

మంచం మీంచి తాత గొంతు వినిపించింది. "ఏం రంగట?"

"మోదుగు పువ్వు రంగు, తాతా."

తాత పొర కమ్మిన కళ్లు ఎటో చూస్తున్నాయి.

"అవు," అన్నాడు. "అవు, మోదుగు. అనంతమ్మ ఒక మోదుగు కొమ్మ ఇరుసుకొచ్చి నా ముందల పెట్టింది. ఈ రంగే కావాలె బాలకిష్టయ్య, అన్నది. ఇప్పుడు యాదికొస్తుంది."

"మరి దానిమ్మ అంటివి కద నాయినా," అన్నాడు నాన్న మెల్లగా.

"నాకు యాదికి లేకుండె రా." తాత మంచం పట్టీ మీద వేళ్లు ఆడించాడు. "కండ్లు పాయె. చేతులు పాయె. మగ్గం మీద కూసునేది లేదు. ఏదన్న రంగు సంగతి వస్తే నన్ను అడుగుతరు. గదొక్కటి మిగిలింది. అది గూడ మరిచిన అని చెప్తే, ఇగ నన్నెవరు అడుగుతరు?"

జములు తాత పక్కన కూర్చుంది. తాత చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. ఆ చేతిలో బలం లేదు. ఇంత పెద్దమనిషి కూడా ఆ ఒక్క మాట అనలేకపోయాడా అనుకుంది జములు. తాత మీద కోపం రాలేదు. జాలేసింది.

"నేను అడుగుత తాతా," అంది. "యాదికి లేకున్నా అడుగుత."

ఆ సాయంత్రం నాన్న కత్తెర తీసుకున్నాడు. రెండు మూరలు నేసిన బట్ట. తెల్లటి ఒంటికి దానిమ్మ అంచు. చూడటానికి బాగానే ఉంది. కోసి, మడిచి, పెట్టెలో పెట్టాడు. అంచు పోగులన్నీ తీసేశాడు. మర్నాడు మోదుగు రంగు పట్టు తెచ్చాడు. ఆ మర్నాడు అమ్మా నాన్నా మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. మళ్లీ వందల పోగులు. అమ్మ మెడ నొప్పి తగ్గనే లేదు.

ఆ తర్వాత రోజులన్నీ ఒక్క తీరుగానే గడిచాయి. తెల్లవారకముందే మగ్గం మొదలయ్యేది. నాన్న ఒక పక్క, అమ్మ ఒక పక్క కూర్చుని నేసేవారు. అమ్మ మగ్గం మీద ఉంటే కండెలు చుట్టేవాళ్లు లేరు. బడి నుంచి రాగానే జములు రాట్నం ముందు కూర్చునేది. ఎవరూ చెప్పలేదు. కుడి భుజం లాగేది. వేళ్ల సందుల్లో దారం కోసుకుని మంట పుట్టేది. ఎండ రేకుల మీద పడి ఇల్లు కుంపటిలా ఉండేది. ఈదమ్మ సినిమా పెట్టమని ఒకసారి పిలిచి, లోపలికి తొంగి చూసి, ముగ్గురి ముఖాలూ చూసి, చెంబెడు మజ్జిగ తెచ్చి పెట్టి పోయింది.

పెళ్లి మూడు రోజులుందనగా చీర మగ్గం దిగింది.

సుభద్రమ్మ టీచర్ పొద్దుటి బస్సుకే వచ్చింది. నాన్న చీర విప్పి చాప మీద పరిచాడు. ఆమె కూర్చున్న చోటనే వంగి అంచు మీద చెయ్యి వేసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరింది. కుంకుమ అనలేదు, తేనె అనలేదు. "మా అమ్మ వచ్చి కూసున్నట్లుంది వెంకటేశం," అంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"బాలకిష్టయ్య యాదికి పెట్టుకున్నడా?" అని అడిగింది.

"లేదు టీచరమ్మా," అన్నాడు తాత మంచం మీంచి. "నేను మరిచిన. సీడీల చూసి నేసిండ్రు."

టీచర్ వెళ్లిపోయాక నాన్న చాప మీదే వాలి నిద్రపోయాడు. పగటిపూట నాన్న నిద్రపోవడం జములు అదే మొదటిసారి చూసింది. అమ్మ కూడా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. వీధిలో మిగతా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. జములు తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా గడప మీద కూర్చుంది.

ఎండాకాలం సెలవులు వచ్చాయి. మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కింది. ఒక రోజు పొద్దున నాన్న జములును పిలిచాడు.

"మీ అమ్మ మెడ సతాయిస్తుంది. పోగులు అతుకుడు నువ్వు నేర్చుకోవాలె. ఇట్ల కూసో."

జములు ఎదురుగా కూర్చుంది. పోగు జారకుండా నాన్న వేళ్లకు బూడిద అద్దుకున్నాడు. పాత పోగు కొస, కొత్త పోగు కొస కలిపి పట్టుకున్నాడు. వేళ్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలాయి. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో జములుకు కనిపించలేదు. రెండు పోగులు ఒక్కటయ్యాయి. నాన్న లాగి చూపించాడు. తెగలేదు.

"సమజైందా?"

పోగులు వందలు ఉన్నాయి. నాన్న కళ్ల కింద నలుపు ఇంకా పోలేదు. నడుము మీద ఒక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అయింది నాయిన అంటే ఆయన లేచి తన పని చూసుకుంటాడు. ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది కూడా.

"సమజ్ గాలె నాయిన," అంది జములు. "చెయ్యి ఎటు తిప్పినవో కనబడలే. ఇంకోపారి సూపియ్యి."

నాన్న ఆమె వైపు చూశాడు. నడుము మీంచి చెయ్యి తీశాడు. అతికిన పోగును తెంపేసి, వేళ్లకు మళ్లీ బూడిద అద్దుకున్నాడు.

"దగ్గరికి జరుగు," అన్నాడు. "ఈసారి నిదానంగ చేస్త."